అమ్మ పలక మీద పట్టని తేదీ

నా చిన్నప్పుడు, ఐదో తరగతి పరీక్షలకు ముందు, మా అమ్మ ప్రభువు దగ్గరకు వెళ్లిపోయింది. ఈస్టర్ దగ్గర పడుతోంది. మా గోదావరి పల్లెల్లో ఆ తెల్లవారుజామున కుటుంబాలన్నీ సమాధుల దొడ్డిలో కొవ్వొత్తులు వెలిగించి పాడుకుంటాయి. ఆలోగా అమ్మ సిలువకు పేరు పలక కట్టాలి. ఆ పేరు నేనే రాయాలని నా పట్టుదల.

పక్కింటి పెదనాన్న పడవల మీద పేర్లు, గుడి గోడల మీద వాక్యాలు రాసేవారు. నా ఏడుపు చూడలేక కుంచె చేతికిచ్చారు. ముందు గీతలు గీసుకోమంటే నేను వినలేదు. అమ్మ పేరు దూరానికి కనిపించాలని పెద్ద పెద్ద అక్షరాలు వేశాను. కిందికి దిగే ఒత్తుల సంగతే గుర్తులేదు. పేరులో ఉన్న రెండు ఒత్తులూ పలక సగం మింగేశాయి. పుట్టిన తేదీ ఎలాగో ఇరికించాను. పోయిన తేదీకి చోటే మిగల్లేదు.

అటు వచ్చిన సంఘ పెద్ద నవ్వారు. "ఏంటండీ ఇది? ఆవిడింకా బతికే ఉన్నారా? చెరిపేసి మీరు రాసేయండి."

నేను పలకకు అడ్డంగా నిలబడ్డాను.

"ఉంచండి," అన్నారు పెదనాన్న. "పోయినవాళ్లు లేస్తారని నమ్మేగా పండగ చేసుకుంటున్నాం? ఆ తేదీ లేకపోతే ఏంటండీ?"

పలక అలాగే కట్టారు.

తర్వాత పెదనాన్న నాతో మెల్లగా అన్నారు. "అక్షరానికి తల ఒక్కటే చూశావు తల్లీ. కాళ్లు ఎక్కడ పెట్టుకుంటుందో చూడొద్దూ?"

ఆ వేసవంతా వాళ్ల అరుగు మీద, నీళ్లలో ముంచిన కుంచెతో, అమ్మ పేరే రాయించారు. రాసింది ఎండకు ఆరిపోయేది. మళ్లీ రాసేదాన్ని. ఏడుపు ఎప్పుడు తగ్గిందో, అక్షరాల మీద ప్రేమ ఎప్పుడు పుట్టిందో నాకే తెలియదు.

పెద్దయ్యాక రాజమండ్రిలో కంప్యూటర్ మీద అక్షరాలు పేర్చడం నేర్చుకున్నాను. ఇప్పుడు దాన్నే గ్రాఫిక్ డిజైన్ అంటున్నారు. పాటల పుస్తకాలకు అట్టలు వేస్తూనే జుట్టు నెరిసింది. ఆ చెక్క పలకను చెదలు తినేశాయి. పెదనాన్నా వెళ్లిపోయారు. అమ్మను మళ్లీ చూస్తానన్న నమ్మకం ఒక్కనాడూ సడలలేదు. అయినా ఆ పేరు టైపు చేయాలంటే నేటికీ వేళ్లు ఆడవు.

తల్లినో తండ్రినో పోగొట్టుకున్న పిల్లలు ఫ్లెక్సీ కోసం ఫోటో పట్టుకొస్తే, నా కుర్చీ వాళ్లకిచ్చి, పేరు వాళ్ల చేతే కొట్టిస్తాను. తప్పులు పడతాయి. కన్నీళ్లలో కీబోర్డు కనబడదు. నేను పక్కన నిలబడి, వాళ్లు ఎన్నిసార్లు కొట్టినా, తొందరపెట్టకుండా చూస్తూ ఉంటాను.