పీణ్యలో కళ్లు తెరిచి కూర్చున్న తమ్ముడు

బుధవారం ఉదయం తొమ్మిదికి కాటన్‌పేటలో ఇంటికి తాళం వేసి, తమ్ముడు నరసింహులును వెంటబెట్టుకుని బయలుదేరాను. వాడు పీణ్యలో ఒక ఫ్యాక్టరీలో ఇనప రేకులు నొక్కే ప్రెస్సు మిషను నడిపేవాడు. పక్కవాడి వేళ్లు మిషన్లో నలిగిపోవడం కళ్లారా చూశాడు. అప్పటినుంచి నాలుగు నెలలుగా నేను తోడు లేనిదే గడప దాటలేదు. పీణ్య ఆరోగ్యకేంద్రంలో డాక్టరు మాత్రలు రాసి, బుధవారాల్లో ఊపిరిని గమనిస్తూ కూర్చోవడం నేర్పిస్తారని, దానికీ రమ్మన్నారు. పోయిన వారం వాడు ఆ కేంద్రం మెట్ల దగ్గరే వెనక్కి తిరిగాడు. ఈసారీ కూర్చోకపోతే ఏం చేయాలో నాకు తోచలేదు.

మెజెస్టిక్ దాకా నడిచాం. అరవై దాటాక అక్షరాలు నేర్చినదాన్ని. బోర్డు కూడబలుక్కునేలోగా ఒక మెట్రో పోయింది. తర్వాతిది తొమ్మిదీ నలభైకి దొరికింది. పక్క సీటు పెద్దాయన పలకరించాడు.

"యాడికి పోతా ఉండారమ్మా?"

"వీనికి భయం జబ్బు ఉండాది. చూపించేకి."

"అక్కా, మెల్లగా చెప్పరాదా?" అన్నాడు తమ్ముడు.

"దొంగతనం చేసినావా, మెల్లగా చెప్పేకి?"

పెద్దాయన నవ్వాడు. "నా కోడలికీ ఉండె. మాత్రలు మింగె, కూర్చునేదీ నేర్చుకునె. సిగ్గెందుకప్పా?"

పీణ్యలో దిగి ఇడ్లీ, కాఫీ కానిచ్చాం. మీరెవరైనా ఆ కేంద్రానికి వెళ్తే తినే వెళ్లండి. పన్నెండు దాకా లేవనివ్వరు.

కేంద్రం హాల్లో చాపల మీద ఎనిమిది మందిమి. కూర్చోవడం నేర్పే నర్సమ్మ కళ్లు మూసుకోమంది. తమ్ముడు లేచి తలుపు వైపు నడిచాడు.

"చెప్పినట్టు చెయ్యరా!" అని అరిచాను.

"మీరు సుమ్మనే కూర్చోండమ్మా," అని నర్సమ్మ నన్ను ఆపి, "ఏమాయె అప్పా?" అని వాడిని అడిగింది.

"ఇరవై ఏండ్లు ప్రెస్సు మీద చేసినాను మేడమ్. కండ్లు మూస్తే వేళ్లు పోతాయి."

ఆ మాట నాతో ఎన్నడూ అనలేదు. నేనూ ఎన్నడూ అడగలేదు.

"తెరిచే పెట్టుకో. గోడను చూస్తా ఊపిరి గమనించు."

వాడు వచ్చి కూర్చున్నాడు. పక్క షెడ్డులో ప్రెస్సు దభీమంది. వాడి భుజాలు ఎగిరిపడ్డాయి. "శబ్దం వచ్చె, పోయె. మళ్లా ఊపిరి దగ్గరికి రా," అంది నర్సమ్మ. చివరిదాకా ఉలిక్కిపడుతూనే ఉన్నాడు, కానీ లేవలేదు.

పన్నెండున్నర బండిలో నిలబడే వచ్చాం. యశ్వంతపుర దాటాక, "వచ్చే బుధవారం నువ్వు రావద్దులే అక్కా. నేను పోయొస్తా," అన్నాడు.

జబ్బు నయమైందని నేను రాయను. ఒక్క పూటకు నయం కాదు. నేను మాత్రం కిటికీ వైపు తిరిగి కొంగుతో ముఖం తుడుచుకున్నాను.