ఫైరింజను వెనకాలే వెళ్ళాం

ఫైరు స్టేషన్లో ఎండకు ఆరబెట్టిన గొట్టాల వాసన నాకు ఇప్పటికీ పడదు. తడిసిన కాన్వాసు, డీజిలు, వాటి అడుగున ఎక్కడో కాస్త మసి. మొన్న ఏప్రిల్లో తెనాలిలో మా అమ్మాయి గొడవచేసి కారు ఆపించి, ఎర్రబళ్ళను అటునుంచీ ఇటునుంచీ సెల్‌ఫోన్లో ఫోటోలు తీసుకుంటుంటే నేను ముక్కుకు చెంగు అడ్డం పెట్టుకుని నిలబడ్డాను. ముందురోజు గన్నవరంలోనూ ఇదే తంతు. విమానాలకు మంటలంటుకుంటే ఆర్పే ఆ భండాసురుడిలాంటి బండి దూరంగా కనిపించేసరికి, కాపలా అతను కసిరేలోపే కంచె సందులోంచి ఫోటో కొట్టేసింది. ఈ పిచ్చి దానికి మా బాబాయి నుంచి వచ్చింది. ఆయన్ని అది చూడనైనా లేదు. రక్తం ఎక్కడికి పోతుంది!

బాబాయికి తెనాలిలో చిన్న ఫోటో స్టూడియో ఉండేది. పెళ్ళిళ్ళూ పాసుపోర్టు ఫోటోలూ పొట్టకోసం, ప్రాణమంతా ఫైరింజన్ల మీదే. ఒకసారి అప్పగింతల వేళ వీధిలో గంట వినిపించిందని, ఏడుస్తున్న పెళ్ళికూతుర్ని వదిలేసి కెమెరాతో బయటికి పరిగెత్తితే పెళ్ళివారు నానా తిట్లూ తిట్టారు. వేసవి సెలవుల్లో, ఇంట్లో ఆవకాయ జాడీలు తుడుస్తున్న అమ్మ వద్దంటున్నా వినకుండా, నన్ను స్కూటరు ముందు నిలబెట్టుకుని ఊళ్ళమ్మట తిప్పేవాడు. మొహానికి వడగాలి, దారిపక్క ముంజకాయల కుప్పలు, చెమటకు కమిలిన మల్లెపూల వాసన, వీపుకు ఆయన కెమెరా సంచి ఒరిపిడి, ఇవన్నీ కలిస్తే నాకు వేసవి.

ఆ ఏడు పథకం ఏమిటంటే, పొద్దున్నే రేపల్లె ఫైరింజనుకు ఫోటోలు తీసి, సముద్రం వైపున్న నాయనమ్మ ఊళ్ళో పెందలాడే అన్నం తిని, సాయంత్రానికి బాపట్ల ఫైరింజన్ను కెమెరాలో పట్టుకోవడం. వస్తున్నామని బాబాయి నాయనమ్మకు బస్సు డ్రైవరుతో ముందే కబురంపాడు. పెందలాడే ఎందుకంటే, ఆ ఊరు సముద్రంలో చేపల వేటకు వెళ్ళేవాళ్ళ ఊరు, వీధంతా తాటాకు ఇళ్ళు, చూరుకు చూరు తగిలి ఉండేవి. ఎండలు ముదరగానే డప్పు వేసి చాటించేవాళ్ళు: పొద్దెక్కేలోపు వంటలు ముగించి, పొయ్యిలో నీళ్ళు పోసి ఆర్పేయాలి, సముద్రపు గాలి తిరిగేదాకా ఏ ఇంట్లోనూ పొగ లేవకూడదు. మధ్యాహ్నం చంటిపిల్ల ఏడ్చినా పాలు కాచేవాళ్ళు కారు. పైగా అవి వేట నిషేధం రోజులు, పడవలు ఒడ్డునా వలలన్నీ ఇళ్ళల్లోనూ ఉండేవి.

వేమూరు దాటేసరికే ఎండ చురుక్కుమంది. కాలవలు కట్టేశారు, మడుగుల్లో మిగిలిన నీళ్ళు కంపుకొడుతున్నాయి. రేపల్లెలో బండి నీడలో ఉంది. "వెలుగు దాని మొహమ్మీద పడనీవే," అంటూ బాబాయి కూర్చున్నాడు. ఎండ షెడ్డు దాటి, గంట మీదికి, తర్వాత అద్దం మీదికి పాకుతూ వచ్చేసరికి పొద్దు బాగా ఎక్కిపోయింది. నాకు ఆకలి మొదలైంది. ఫైరింజను ముసలి డ్రైవరు ఆకాశం వైపు చూసి, "ఇయ్యాల గాలి వాలకం బాగాలేదండి. ఫోటోలు చాలించి పిల్లకి అన్నం పెట్టించండి," అన్నాడు. బాబాయి నవ్వి ఇంకో ఫోటో తీశాడు. అప్పుడే లోపల ఫోను మోగింది.

బండి గంట కొట్టుకుంటూ బయటికి ఉరికింది. "ఎక్కవే! పరిగెత్తే బండి మళ్ళీ దొరకదు!" అని బాబాయి స్కూటరు తన్నాడు. నేను ఆనందం పట్టలేక కేకలు పెట్టాను. ఆయన బండిని దాటి ముందుకెళ్ళి, రోడ్డు పక్కన ఆగి, అది వస్తుంటే ఫోటో తీసి, మళ్ళీ దాని వెంటపడ్డాడు. అది సముద్రం వైపు రోడ్డెక్కింది. తర్వాత చిన్న వంతెన దగ్గర ఎడమకు తిరిగింది. అప్పటినుంచి బాబాయి ఫోటోలు తీయలేదు. "మనూరి వైపే కదా బాబాయ్ పోతోంది?" అని అడిగాను. ఆయన స్కూటరును ఇంకా వేగంగా తోలాడు. నాకు భయం వేసింది. తాటితోపు దాటగానే పొగ కనిపించింది. తాటాకు పొగ కాదు, నల్లగా, చిక్కగా, గొంతు పట్టుకునే నైలాను పొగ. వలలు కాలుతున్నాయి.

వీధికి వీధే పోయింది. మనుషులు మిగిలారు, అదే పదివేలు. నాయనమ్మ ఇసకలో కూర్చుని ఉంది, చేతిలో ఇంకా అట్లకాడ. మమ్మల్ని చూసి ఆవిడ అడిగిన మొదటి మాట, "ఏఁవన్నా తిన్నారా అయ్యా?" బాబాయి ఆవిడ పక్కనే కూర్చున్నాడు. ఆవిడ చెప్పుకుపోయింది. "పొద్దున్నే వొండేసి ఆర్పేశాను నాయనా. మీరెంతకీ రాపోతిరి. పిల్ల ఎండనబడి వత్తంది, చల్లారిన చేపముక్కలు ఏం పెడతాను, ఓసారి ఏడి జేసి ఆర్పేద్దారని ఎలిగించాను. ఒక్క ఇసురు గాలి..."

పక్కింటి అత్తకు ఇల్లూ పోయింది, వలలూ పోయాయి. ఆవిడ ఎక్కణ్ణుంచో చెంబుతో నీళ్ళు తెచ్చి నా మొహం కడిగింది. "మనవరాలొత్తందని ఎలిగించిందిలే, ఎవురైనా అదే చేత్తారు," అంది. అంతే. ఊళ్ళో ఒక్కరు ఒక్క మాట అనలేదు. తిట్టి దుమ్మెత్తిపోసినా బాగుండేది, ఆ మంచితనం మా వాళ్ళను బతికినన్నాళ్ళూ కాల్చింది. ఆ సాయంత్రం మేం బాపట్ల వెళ్ళలేదు. తర్వాత వీధిలో గంట వినిపిస్తే బాబాయి స్టూడియో చీకటిగదిలోకి వెళ్ళి తలుపేసుకునేవాడు. నాయనమ్మ మాత్రం, వచ్చినవాళ్ళకు కడుపునిండా పెట్టందే ఊరుకోని మనిషి, ఆ తర్వాత ఏ వేళ వెళ్ళినా గుమ్మంలోనే నిలబడి, "తినే వచ్చారు గదా?" అని అడిగేది. అవునంటారా లేదా అని బెదురుగా మా మొహాల్లోకి చూసేది. కడుపులో ఎలుకలు పరిగెడుతున్నా తినే వచ్చామని చెప్పేవాళ్ళం.

మొన్న తెనాలి నుంచి ఆ ఊరికే వెళ్ళాం. ఇప్పుడు అక్కడ తాటాకు ఇల్లు మచ్చుకైనా లేదు, అన్నీ స్లాబులే. తాటాకు కప్పు చూడాలంటే బాపట్ల తీరంలో రిసార్టుకు వెళ్ళాలట. డప్పు ఎందుకు వేసేవారో పిల్లలకు తెలియదు. పక్కింటి అత్త మనవరాలు మమ్మల్ని లోపలికి పిలిచి ఫ్యాను వేసింది. మిట్టమధ్యాహ్నం, కిటికీ రెక్కలు గాలికి టపటపా కొట్టుకుంటున్నాయి. "రెండు నిమిషాలండి అక్కా, చేపలు వేడిగా వేయించేస్తాను," అంటూ ఆ అమ్మాయి గ్యాసు పొయ్యి దగ్గరికి వెళ్ళింది. లైటరు చప్పుడు వినగానే ఎలా లేచానో తెలియదు, పరుగున వెళ్ళి చెయ్యి పట్టుకున్నాను.

"వద్దమ్మా, వద్దు. మేం తినే వచ్చాం."

మా అమ్మాయి ఫోన్లోంచి తలెత్తి తెల్లబోయి చూసింది.

"అదేంటమ్మా, పొద్దుటినుంచీ మనం ఏమీ తినలేదుగా!"