గుంటలు పూడ్చాలన్న మొనగాడు

నోరు జారి తిట్లు తిన్నవాళ్లను మీరు బోలెడంతమందిని చూసి ఉంటారు. మైకు ముందు నిలబడి, శుభ్రమైన తెలుగు మాట్లాడి, ఊళ్లో ఆడవాళ్లందరి చేతా ఒకేసారి తిట్లు తిన్నవాణ్ని చూడాలంటే మాత్రం చీపురుపల్లి దగ్గర మా ఊరికి రావాలి. వచ్చి నన్నే అడగండి.

అప్పుడే విజయవాడ హాస్టల్లో డిగ్రీ వెలగబెట్టి ఊళ్లో దిగాను. మా సర్పంచి సత్తెమ్మ పిన్ని పిలిచింది.

"ఒరే సీనూ, ఈపాలి గ్రామసభలో కుర్రోళ్లు కూడా మాట్లాడాల. ఒక్క పనికే డబ్బులొచ్చినాయి. పెద్దోళ్లు ఊరి ముందర ఆర్చి కట్టాలంతన్నారు. మీకేటి కావాలో సెప్పండి."

మాకు కావలసింది రోడ్డు. బస్సులు తిరిగే రోడ్డు దాకా మా దారంతా గోతులే. కాలేజీకి సైకిళ్ల మీద వెళ్లే ఆడపిల్లలు పడుతున్నారు, లేస్తున్నారు. "నువ్వే మాట్లాడాల" అన్నారు కుర్రాళ్లు. వాళ్ల మాట పూర్తికాకుండానే నేను ఒప్పేసుకున్నాను.

అద్దం ముందు నిలబడి ఉపన్యాసం తయారుచేశాను. గొయ్యి అంటే మరీ మోటుగా ఉందని నా హాస్టలు బుర్రకు తోచింది. తీసేసి గుంట అని పెట్టాను. మీది మా వైపు కాకపోతే ఒక ముక్క చెప్పాలి. మా దగ్గర గుంట అంటే ఆడపిల్ల. పుట్టినప్పటినుంచీ వింటున్న మాటే! ఏం చెప్పమంటారు, విజయవాడ గాలి అలాంటిది.

సభ రోజున మైకు అందుకున్నాను.

"మన ఊరికి పట్టిన అసలు దరిద్రం ఏమిటి? గుంటలు!"

ఆడవాళ్లంతా ఒక్కసారిగా తలలెత్తి నన్నే చూశారు. నా వాగ్ధాటి మహిమే అనుకుని రెచ్చిపోయాను.

"ఏ వీధిలో చూసినా గుంటలే! పెద్దల నిర్లక్ష్యం వల్లే ఇన్ని గుంటలు తయారయ్యాయి! ఆర్చి తర్వాత. ముందు ఈ గుంటలన్నింటినీ పూడ్చెయ్యాలి!"

"ఓలమ్మో!" అంటూ పైడమ్మత్త లేచింది. నలుగురు ఆడపిల్లల తల్లి. "ఏటన్నావురా? మా గుంటల్ని పూడ్సేస్తావా? నీకేటి సేసినార్రా ఆళ్లు?"

"అది కాదత్తా! నేను చెప్పేది దారిలో ఉన్న గుంటల గురించి..."

"దార్లో ఎల్లక, కాలేజీకి ఎగిరెల్తారేటి?"

"ఇదేటి సదువురా బాబూ!" అని వెనకనుంచి ఇంకొకావిడ. మా అమ్మ కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. పెద్దాయన ఒకరు సందు చూసి లేచారు.

"కుర్రోళ్లకి మైకిస్తే ఇంతే. ఆర్చి కావాలన్నోళ్లు సేతులెత్తండి!"

చేతులు లేస్తున్నాయి. రోడ్డు పోతోంది. నా వల్లే పోతోంది. నవ్వులాటకు చెప్పడం లేదు, నాకు ఏడుపొచ్చేసింది.

అప్పుడు పైడమ్మత్త రెండో కూతురు శైలజ, మోకాలికి కట్టుతో కుంటుకుంటూ వచ్చి నా చేతిలో మైకు లాక్కుంది. "అమ్మా, కూకో! సీనన్న సెప్తన్నది గోతుల గురించి. అందులో పడ్డ గుంటని నాను. నన్ను పూడ్సక్కర్లేదు. గొయ్యి పూడ్సండి, సాలు!"

సభ గొల్లుమంది. ఆర్చికి లేచిన చేతులు పొట్టలు పట్టుకోవడానికి దిగిపోయాయి. మళ్లీ లేచినప్పుడు రోడ్డుకే లేచాయి. పైడమ్మత్త రెండు చేతులూ ఎత్తింది.

సత్తెమ్మ పిన్ని కళ్లు తుడుచుకుంటూ తేల్చేసింది. "ఇకనించి కుర్రోళ్ల తరపున ఈ గుంటే మాట్లాడతాది."

"మరి నేను, పిన్నీ?"

"నువ్వు మైకు పట్టుకోరా. నీ నోటికి దూరంగా."

కాబట్టి మీ అందరి ఎదుటా ప్రమాణం చేస్తున్నాను. మా గ్రామసభలో ఇంకెప్పుడూ హాస్టలు తెలుగు మాట్లాడను. మాట్లాడితే నన్ను తీసుకెళ్లి ఆ దారిలో అన్నిటికన్నా లోతైన గోతిలో పాతిపెట్టండి. ధైర్యంగానే అంటున్నాను లెండి. మీరెంత వెతికినా ఆ దారిలో ఇప్పుడు ఒక్క గొయ్యి దొరకదు.