సోఫా ఎక్కిన విమానం

దయ్యాల మీద నాకు ఏనాడూ నమ్మకం లేదు. మిలిటరీ నర్సుగా ఉన్న రోజుల్లో నా చేతుల్లో ఎంతమందో పోయారు. ఒక్కరూ తిరిగొచ్చి పలకరించలేదు. ఇప్పుడు చెప్పబోయే ఈ ఒక్క సంగతి మాత్రం నాకు మింగుడు పడలేదు.

డెబ్బై ఒకటి యుద్ధంలో నా డ్యూటీ విమానంలో. తూర్పు సరిహద్దు దగ్గర గాయపడ్డవాళ్లను ఎక్కించుకుని పెద్దాసుపత్రికి చేర్చాలి. గాల్లో కుదుపులకు కలం నిలవదు. అందుకని నేలమీదే అందరి నాడి చూసి, ఎక్కేవాళ్ల లిస్టు మీద ముందే సంతకం పెట్టేసేదాన్ని. ఆ లిస్టు లేనిదే విమానం కదలదు.

ఆ ఉదయం చివరి స్ట్రెచర్ మీద పరకాల అబ్బాయి రాజయ్య ఉన్నాడు. పొట్టలో తూటా. మాది వాళ్ల ఊరికి దగ్గరే, హనుమకొండ సుబేదారి అని తెలిసి వాడి మొహం వెలిగిపోయింది. "నువ్వున్నవ్ గదక్కా, ఇగ నాకు ఫికర్ లేదు" అన్నాడు.

అంతలో ఒక పెద్ద ఆఫీసరు ట్రక్కుతో దిగాడు. అందులో ఎర్ర సోఫా. ఎవరో పారిపోయినవాళ్ల ఇంట్లోంచి ఎత్తుకొచ్చింది. తల ఆనించే చోట నూనె మరక ఇంకా జిడ్డుగానే ఉంది. రాజయ్యను దింపించి దాన్ని ఎక్కించాడు. నేను అడ్డుపడితే, "సంతకం పెట్టేశారుగా, తలుపు వేయండి" అన్నాడు.

లిస్టు చింపేస్తే విమానం ఆగేది. చింపలేదు. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు కంపరమెత్తుతుంది. ఆ ఆఫీసరు మీద ఎంత రోతో, నా మీద అంతకు రెట్టింపు.

"జర ఓపిక పట్టు తమ్మీ, మళ్లొస్తం" అని చెప్పి ఎక్కాను. మధ్యాహ్నం తిరిగి వెళ్లేసరికి రాజయ్య లేడు. మొహం మీద దుప్పటి కప్పింది నేనే.

వేసవిలో సెలవు మీద ఇంటికొచ్చాను. మిలిటరీ నర్సు ఇల్లంటే సుబేదారిలో ఎవరైనా చూపిస్తారు. అలా దారి అడుగుతూ రాజయ్య తల్లి వచ్చింది. చావు కబురు తంతి అందిన వారానికి ఒక ఉత్తరం వచ్చిందట.

"వాని రాతనే బిడ్డా. ఇంటి పక్క సారు సదివిండు. నువ్వొక్కపారి సూడు" అని ఉత్తరం నా చేతిలో పెట్టింది. అందులో ఇలా ఉంది:

"అమ్మా, విమానం ఎక్కిన. నా కాళ్లకాడ ఎర్ర సోఫా ఉన్నది. మన సుబేదారి నర్సక్క ఎవ్వలు సూస్తలేరనుకొని దాని మీద ఉమ్మింది. నాకు నవ్వొచ్చింది. కడుపుల నొప్పి లేదు."

నేను ఉమ్మిన మాట నిజం. విమానం లేచాక, పేషెంట్లందరూ ఇంజెక్షన్ మత్తులో ఉన్నారని చూసుకుని, కసితీరా ఉమ్మాను. సిగ్గేసి మా అమ్మకు కూడా చెప్పలేదు. అప్పటికి రాజయ్య కింద, ఎండలో ఉన్నాడు.

"కిందనే పానం పోయిందని సర్కారోళ్లు రాసిండ్రు. మావోడు విమానం ఎక్కిండా బిడ్డా?" అని తల్లి అడిగింది.

"ఎక్కిండు పెద్దమ్మా" అన్నాను.

ఆమె ఉత్తరం మడిచి కొంగున ముడేసుకుని పరకాల బస్సుకు వెళ్లిపోయింది. ఆ తల్లికి నేను అబద్ధం చెప్పానో, నిజమే చెప్పానో, నాకు ఇప్పటికీ తెలియదు.