కాగితం లేచిన జాగా

మా రికార్డు గది చాచా ఇక లేరని మొన్న శుక్రవారం ఉదయం ఖమ్మం నుంచి కబురు వచ్చింది. అడవి అంచున ఉన్న ఒక తాలూకా కచేరీలో ఆయన అటెండరు. డెబ్బయ్యవ దశకం చివర నేను అక్కడ కొత్తగా చేరిన రికార్డు కీపరును. చరిత్రలో పట్టా నాది. ఏ చేను ఎవరు సాగు చేశారో ఉర్దూలో రాసిన పాత పహాణీలు చదవగలిగింది మాత్రం ఆయనొక్కరే.

ఎర్రగుడ్డలో కట్టిన కాగితాల మూటను మేము బస్తా అంటాం. పురుగు పట్టకుండా ప్రతి బస్తాలో ఆయన వసకొమ్ము వేసేవారు. ఒక్క కాగితం బయటికి తీసినా, ఎవరు, ఎందుకు తీశారో రాసి ఆ చోట చీటీ పెట్టేవారు.

"కాయితం లేచిన జాగల మనిషి పేరు కూసోవాలె సార్."

నాకది చాదస్తంగా తోచేది. ఒకనాడు పై అధికారి తొందరపెడితే, చీటీ పెట్టకుండానే ఒక పహాణీ తీశాను. పని ముగిశాక చేతికందిన బస్తాలో దోపేశాను.

ఆ వానాకాలమే వాగవతలి గూడెం నుంచి ఒక కోయ వితంతువు వచ్చింది. ఆమె చేను తనదని ఒక మోతుబరి దావా వేశాడు. నాలుగు రోజుల్లో విచారణ. ఆమె మామ సాగు చేసినట్టు రాసి ఉన్న పహాణీ చూపకపోతే చేను దక్కదు. బస్తా విప్పితే కాగితమూ లేదు, చీటీ కూడా లేదు. ఆనాడు నేను తీసింది అదే. తప్పు నాదేనని చాచాకు చెప్పాను.

చాచా మందలించలేదు. "యాడికి పోతది సార్, తొవ్వ తప్పింది. దేవులాడుదాం."

బస్తా వెంట బస్తా విప్పాం. ఆమె వరండా విడిచి కదల్లేదు. మూడో రోజు మధ్యాహ్నం పహాణీ దొరికింది. అందులోని ఆమె మామ పేరును ఆయన ఆమెకు పైకి చదివి వినిపించారు.

"ఇంకోపాలి సదువు సాయిబూ."

"ఎన్నిమాట్ల సదివినా ఇంకో ఎకరం రాదమ్మా!" అంటూనే, ఈసారి మరింత నెమ్మదిగా చదివారు. ఆమె ఆ పేరును పెదాలతో పలికి చూసుకుంది. చేను ఆమెకే నిలిచింది.

ఎవరో ఒకరు వచ్చి అడిగేదాకా కాగితాన్ని దాని చోటులో నిలిపి ఉంచడమే మా వృత్తి అని ఇప్పుడు నా దగ్గర ఈ పని నేర్చుకునే విద్యార్థులకు చెబుతుంటాను. ఆ పాఠం ఆయనది.

కబురు విన్నాక ఆ కచేరీకి వెళ్ళి, ఆ బస్తా అడిగాను. ముడి విప్పగానే వసకొమ్ము వాసన. పహాణీ తన చోటులోనే ఉంది. దాని పక్కన, ఆనాడు విచారణకు పంపుతూ ఆయన పెట్టిన చీటీ. తీసినవారు అన్నచోట నా పేరు. దాని కింద ఆయన దస్తూరీలో రెండు మాటలు: "వాపస్ వచ్చింది."