పేరు లేని కరపత్రం మీద నా పేరు

నా పరువు నేనే చేజేతులా ఎలా తీసుకున్నానో చెబుతాను. నవ్వండి గానీ, నా ముందు మరీ గట్టిగా వద్దు.

హైటెక్ సిటీ మేడ లేస్తున్న రోజులు. మదీనాగూడలో మా కాలనీ సంఘం అధ్యక్ష పదవికి నలుగురం పోటీపడ్డాం. వెనకింటి యాదగిరి కూడా ఉన్నాడు. గెలుపు నాదేనని అందరూ అంటున్నారు. అందరూ అంటున్నారంటేనే నాకు అనుమానం. నమస్తే పెట్టినవాణ్నీ అనుమానించాను, పెట్టనివాణ్నీ అనుమానించాను.

ఓ పొద్దున గుమ్మంలో కరపత్రం: 'పోటీలో ఉన్న ఒక పెద్దమనిషి కాలనీ బోరు మోటారును రిపేరుకని తీసుకెళ్లి తన ఇంట్లో బిగించుకున్నాడు.' పేరు లేదు. రాసినవాడి జాడా లేదు.

నిరుడు మోటారు రిపేరుకు మోసుకెళ్లింది నేనే. బాగుచేయించి మళ్లీ బిగించిందీ నేనే! ఒళ్లు మండిపోయింది.

"మీ పేరేడున్నది అండ్ల? జర సప్పుడు చేయకుండ్రి," అంది మా ఆవిడ.

ఆమె మీదా అనుమానం వచ్చింది. కాగితాన్ని జిరాక్సులు తీయించి ఇంటింటికీ పంచాను. "చూసిండ్రా, నన్నెట్ల బద్నాం చేస్తున్నరో! ఇది నా మీదనే!" చాలామంది ఆ కాగితాన్ని చూడడం అదే మొదటిసారి. జాలిగా తలూపారు.

ఆ ఊపులోనే వకీలు దగ్గరికి పోయాను. "పరువునష్టం కేసెయ్యాలె సార్."

ఆయన కోస్తా మనిషి. కాగితాన్ని ముందుకీ వెనక్కీ తిప్పారు. "మీ పేరేదండీ?"

"లేదు సార్. గానీ అది నేనేనని అందరికి ఎరుకే."

"పేరు లేకపోయినా చదివినవాళ్లు మిమ్మల్నే అనుకుంటే కేసు నిలబడొచ్చండీ. ఎలా తెలిసింది వాళ్లకి?"

"నేనే చెప్పిన."

"ఎంతమందికి?"

"కాలనీ మొత్తానికి."

ఆయన కళ్లజోడు తీసి చాలాసేపు తుడిచారు. "రాసినవాడెవడో తెలీదు. మీ పేరు కలిపి పంచినవాడు మాత్రం దొరికాడండీ. వేద్దామా కేసు?"

"ఎవరి మీద సార్?"

"మీ మీదేనండీ."

ఎన్నికల్లో నాకు పడ్డవి పదకొండు ఓట్లు. గెలిచిన యాదగిరి మర్నాడే మిఠాయి డబ్బాతో వచ్చి నా చేతులు పట్టుకున్నాడు.

"అన్నా, నీ మేలు మర్వ. నువ్వు బాగుచేయించినదానికంటె ముందున్న పాత మోటారు, రిపేరుకని నేను తీస్కపోయింది, మా ఇంట్లనే ఉన్నది. ఆ కాయితం నా మీదనే రాసిండ్రు. నేను పరేషాన్ల ఉంటే, నువ్వొచ్చి నీ మీదేసుకున్నవ్!"

మిఠాయినీ అనుమానించాను. తర్వాత తిన్నాను.

అందుచేత మా కాలనీ బోరు నీళ్లు దోసిట్లో పట్టి ప్రమాణం చేస్తున్నాను: పేరు లేని ఏ కాగితానికీ ఈ జన్మలో నా పేరు అరువివ్వను. కాకపోతే ప్రమాణానికి కాస్త ఆగాలి. యాదగిరి ట్యాంకు నిండాకే మాకు నీళ్లొస్తాయి.