నిప్పు వేసే ముందు

డెబ్బైల చివర్లో ఉప్పుగూడలో ఉంటూ రైలింజన్ల షెడ్డులో ఫిట్టరుగా పనిచేసేవాణ్ని. మూలపడ్డ పాత ఆవిరి ఇంజనును బాగుచేసి, ఆవేళ మొదటిసారి నిప్పు వేయాలి. నేను బొగ్గు మండే గదిలోకి దూరి అడుగు కడ్డీలు సరిచేస్తుండగా, కిరోసిన్‌లో తడిపిన పేలికలు నా మీద పడ్డాయి. నిప్పు వేసే యాదన్న నేను బయటికొచ్చేశాననుకున్నాడు.

"ఆగు యాదన్నా! నేను లోపల్నే ఉన్న!"

సుత్తుల మోతలో నా అరుపు ఎవరికీ వినబడలేదు. ఇరుకు తలుపులోంచి మండుతున్న కాగడా లోపలికొచ్చింది. ఆ వెలుగులోనే ఆయనకు నా ముఖం కనబడింది.

"వామ్మో! ఇంకా బైటికి రాలేదారా నువ్వు?" అంటూ కాగడా వెనక్కి లాగేశాడు.

ఇంజను నడిచింది. ఆ తర్వాత నిప్పు వేసే ముందు ప్రతిసారీ యాదన్న ఆ తలుపులో తల పెట్టి నన్ను పేరుపెట్టి పిలిచేవాడు, నేను సెలవులో ఉన్న రోజు కూడా.